బండి ఎందుకు బరువెక్కింది?



మీ ఇంట్లో మోటారు బండి ఉందా? పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు దాన్ని పక్కకు జరిపేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. మా ఇంట్లోనూ అంతే. మా వదిన రోజూ బండిని రెండు చేతులా పట్టుకుని అరుగు పక్కకు నెడుతుంది. ఆ తర్వాతే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేస్తుంది.

ఒకరోజు వదిన మా అన్నతో అంది:

"ఏమయ్యా, బండి బరువెక్కింది. నెడితే జరగడం లేదు."

అన్న నవ్వాడు. "బండి ఎక్కడైనా బరువెక్కుతుందా? నీకే ఓపిక తగ్గింది" అన్నాడు.

వారం గడిచింది. అన్నా వదినా పిల్లవాణ్ణి తీసుకుని సంతకు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ముందు చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది. చక్రం పక్కన జల్లెడలా చిల్లులున్న ఇనుప పళ్ళెం ఉంటుంది. వదిన దాని మీద రెండు చుక్కల నీళ్ళు చల్లింది. దోసె పెనం మీద చల్లినట్టు చుయ్‌మంది.

అన్న భయపడ్డాడు. మర్నాడు బండిని నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ చక్రం తిప్పి చూశాడు.

"బ్రేకు పిస్టన్ పట్టేసింది అన్నా. మీరు వదిలినా బ్రేకు వదలడం లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పితే దారి మధ్యలో చక్రం బిగుసుకుపోయేది. మీకు తెలియలేదా?" అన్నాడు.

మాకు తెలియలేదు. వదినకు తెలిసింది. మేమే వినలేదు.

ఆ రోజు షెడ్డులో నేను చూశాను. అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు వదినా నేనూ ఆ పిస్టన్‌ను ఇంట్లోనే శుభ్రం చేస్తున్నాం. ఎలా చేయాలో, ఎక్కడిదాకా చేయాలో, ఎక్కడ ఆగాలో ఈ పాఠంలో చదువుదాం.

డిస్క్ బ్రేకు అంటే ఏమిటి?

బండ్లకు రెండు రకాల బ్రేకులు ఉంటాయి. ఒకటి డ్రమ్ము బ్రేకు. అది చక్రం మధ్యలో డబ్బాలాగా మూసి ఉంటుంది. రెండోది డిస్క్ బ్రేకు. చక్రం పక్కన ఇనుప పళ్ళెం బయటికే కనబడుతుంది. ఆ పళ్ళేన్నే డిస్క్ అంటారు. మన పాఠం డిస్క్ బ్రేకు గురించి.

ఇది కొత్తది కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మోటారు సైకిళ్ళకు రావడానికి చాలా కాలం పట్టింది. జపానుకు చెందిన హోండా కంపెనీ 1969లో సీబీ 750 అనే బండికి ముందు డిస్క్ బ్రేకు పెట్టి పెద్ద ఎత్తున అమ్మింది. ఇప్పుడు మన పల్లెల్లో కూడా ఎన్నో బండ్లకు అదే ఉంది.

డిస్క్‌కు ఒకచోట ఇనుప దిమ్మ లాంటిది పట్టుకుని ఉంటుంది. దాని పేరు క్యాలిపర్. పట్టుకారు గిన్నెను రెండు వైపులా పట్టుకున్నట్టు, క్యాలిపర్ డిస్క్‌ను రెండు వైపులా పట్టుకుంటుంది. దాని లోపల అటొకటి, ఇటొకటి బ్రేకు ప్యాడ్లు ఉంటాయి. ప్యాడ్ వెనకాల ఉండేదే పిస్టన్.

పిస్టన్ చూడటానికి చిన్న స్టీలు గిన్నెలా ఉంటుంది. సుమారు పది రూపాయల బిళ్ళంత వెడల్పు. కొన్ని బండ్లకు ఇంకాస్త పెద్దది. కొన్నిటికి ఒకటే ఉంటుంది. కొన్నిటికి రెండు ఉంటాయి.

చేతి నొక్కు చక్రం దాకా ఎలా పోతుంది?

హ్యాండిల్ దగ్గర బ్రేకు లివరు ఉంటుంది. దాని పక్కన చిన్న ఆయిలు డబ్బా ఉంటుంది. అక్కడి నుంచి ఒక గొట్టం క్యాలిపర్ దాకా దిగుతుంది. డబ్బాలో, గొట్టంలో, క్యాలిపర్‌లో అంతా బ్రేకు ఆయిలు నిండి ఉంటుంది.

సూది లేని రెండు ఇంజెక్షన్ సిరంజీలు అనుకోండి. రెండిటినీ సన్నని గొట్టంతో కలిపి నీళ్ళు నింపాం. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి జరుగుతుంది. బ్రేకు పనిచేసేది ఇలాగే. మనం లివరు నొక్కుతాం. ఆయిలు పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ ప్యాడ్‌ను తోస్తుంది. ప్యాడ్లు డిస్క్‌ను రెండు వైపులా నొక్కుతాయి. బండి ఆగుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. లివరు దగ్గర కూడా ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. కింది పిస్టన్ దానికి రెండింతల వెడల్పు ఉంటే, బలం నాలుగింతలు అవుతుంది. అందుకే రెండు వేళ్ళతో నొక్కినా అంత పెద్ద బండి ఆగుతుంది. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుంది. 1600ల్లో ఫ్రాన్సులో ఉన్న పాస్కల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెప్పాడు.

సరే, నొక్కితే పిస్టన్ ముందుకు వచ్చింది. వదిలితే వెనక్కి ఎలా పోతుంది? అక్కడ స్ప్రింగు లేదు. దాన్ని వెనక్కి లాగేది ఒక రబ్బరు రింగు.

మీ ఎడమ చేతి వెనకభాగం మీద కుడి వేలు ఆనించండి. వేలిని కొంచెం ముందుకు తోయండి. చర్మం వేలితో పాటు సాగింది కదా? ఇప్పుడు చేతిని వదులు చేయండి. చర్మం వెనక్కి పోతూ వేలిని కూడా లాగింది. రబ్బరు రింగు చేసే పని అదే. పిస్టన్ ముందుకు వస్తే దాన్ని పట్టుకుని సాగుతుంది. లివరు వదలగానే తన చోటికి పోతూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఎంత దూరం? వెంట్రుక మందం అనుకోండి. ఆ కాస్త సందు చాలు. చక్రం హాయిగా తిరుగుతుంది.

మరి ఎందుకు పట్టేసింది?

మాది నల్లరేగడి నేల. వానాకాలం బురద చక్రానికి ముద్దలు కడుతుంది. ఆ బురద క్యాలిపర్‌లో చేరుతుంది. ప్యాడ్లు అరిగిన పొడి కూడా అక్కడే చేరుతుంది. రెండూ కలిసి ఎండితే అడుగంటిన గిన్నె మాడులా గట్టిపడతాయి.

ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి జరుగుతూ వస్తుంది. బయటికి వచ్చిన భాగం మీదే మురికి పేరుకుంటుంది. ఇక రబ్బరు రింగు లాగినా పిస్టన్ కదలదు. ప్యాడ్ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. చక్రం బరువుగా తిరుగుతుంది. డిస్క్ వేడెక్కుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి తుప్పు కూడా తోడవుతుంది.

ఎలా కనిపెట్టాలి?

1. నెడితే బండి బరువుగా ఉంటుంది.
2. సెంటర్ స్టాండు వేసి, ఒకరు వెనక వైపు నొక్కి పట్టుకోండి. ముందు చక్రం పైకి లేస్తుంది. చేత్తో తిప్పండి. ఒకటి రెండు చుట్లు తిరగాలి. సన్నగా రాసుకునే చప్పుడు ఉంటే ఫరవాలేదు. తిప్పగానే ఆగిపోతే పట్టేసినట్టే.
3. కాసేపు నడిపి వచ్చాక డిస్క్ మరీ వేడిగా ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. డిస్క్‌ను చేత్తో ముట్టుకోవద్దు. చెయ్యి కాలుతుంది.
4. విప్పి చూస్తే ఒక ప్యాడ్ బాగా అరిగి, రెండోది అరగకుండా ఉంటుంది.

శుభ్రం చేయడానికి ఏమేం కావాలి?

బోల్టులకు సరిపడే పానాలు, ఎల్ కీలు కావాలి. సబ్బు నీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు, ఉతికిన పాత గుడ్డలు, తాడు ముక్క, చిన్న చెక్క ముక్క ఉంచుకోండి. మీ బండికి సరిపడే బ్రేకు ఆయిలు కొత్త సీసా, సిలికాన్ గ్రీజు దుకాణంలో కొనండి.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. దాన్ని అందరూ 'బ్రేకు ఆయిలు' అంటారు. కానీ అది మనం అనుకునే నూనె కాదు. వేరే రకం ద్రవం. పేరులో ఆయిలు ఉంది కదా అని కొందరు ఇంజను ఆయిలు పోస్తారు. అలా చేస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకు పూర్తిగా పాడవుతుంది. పిస్టన్‌ను పెట్రోలుతో, కిరసనాయిలుతో, డీజిలుతో కడిగినా అంతే.

మరి ఏ ఆయిలు పోయాలి? బండే చెబుతుంది. ఆయిలు డబ్బా మూత మీద చదవండి. ఇంగ్లీషు అక్షరాలలో 'డాట్' అని, పక్కన 3 అని గానీ, 4 అని గానీ అంకె ఉంటుంది. సీసా మీద కూడా అదే అంకె ఉండాలి. మీకు అంకెలు వచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు.

శుభ్రం చేసే పద్ధతి

ఒకటి. బండిని చదును నేల మీద సెంటర్ స్టాండు వేయండి. ఇంజను, డిస్క్ చల్లారాలి. క్యాలిపర్‌ను బయటి నుంచి సబ్బు నీళ్ళతో కడగండి. ఎండిన పొడిని నోటితో ఊదవద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి తుడవండి.

రెండు. ప్యాడ్లను పట్టుకునే పిన్నును ముందే కొంచెం వదులు చేయండి. తర్వాత క్యాలిపర్‌ను ఫోర్కుకు బిగించిన రెండు బోల్టులు విప్పండి. క్యాలిపర్‌ను డిస్క్ మీది నుంచి మెల్లగా జార్చి తీయండి. దాన్ని గొట్టం మీద వేలాడనీయవద్దు. గొట్టం లోపల చిట్లుతుంది. తాడుతో ఫోర్కుకు కట్టండి.

మూడు. పిన్ను తీసి ప్యాడ్లు బయటికి తీయండి. ఏది ఎటు వైపు ఉందో, క్లిప్పు ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి. సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చండి.

నాలుగు. పిస్టన్ ఎదురుగా చెక్క ముక్క పెట్టండి. ఇప్పుడు లివరును మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కండి. పిస్టన్ కొంచెం బయటికి వస్తుంది. అర సెంటీమీటరు చాలు. ఎక్కువ నొక్కితే పిస్టన్ ఊడి కిందపడుతుంది, ఆయిలంతా కారిపోతుంది. చెక్క ముక్క పెట్టింది అందుకే. రెండు పిస్టన్లుంటే ఒకటి ముందు రావచ్చు. దాన్ని చెక్కతో ఆపి రెండోదాన్ని రానివ్వండి. లివరు నొక్కేటప్పుడు క్యాలిపర్ సందులో వేళ్ళు పెట్టవద్దు.

ఐదు. బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో పిస్టన్ చుట్టూ రుద్దండి. వెనకవైపు బ్రష్షు అందదు. గుడ్డ పీలికను తడిపి పిస్టన్ చుట్టూ తిప్పి, చల్ల కవ్వం తాడులా అటూ ఇటూ లాగండి. మురికి ఊడి వస్తుంది.

మనకు గిన్నెలు తోమే అలవాటు ఉంది. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. పీచు, బూడిద, ఇసుక, గరుకు కాగితం, చాకు వాడవద్దు. పిస్టన్ మీద గీత పడితే రబ్బరు రింగు చిరుగుతుంది. ఆయిలు కారుతుంది.

ఆరు. మంచి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో బాగా తుడవండి. గోరుతో పిస్టన్ మీద తడిమి చూడండి. నున్నగా ఉందా? మంచిది. తుప్పు గుంటలు తగిలాయా? ఇక మీరు ముట్టుకోవద్దు. మెకానిక్ కొత్త పిస్టన్, కొత్త రింగు వేయాలి.

ఏడు. కొత్త బ్రేకు ఆయిలును రెండు చుక్కలు గుడ్డకు అద్ది పిస్టన్ పక్కలకు రాయండి. తర్వాత రెండు బొటనవేళ్ళతో పిస్టన్‌ను నిటారుగా లోపలికి నొక్కండి. వంకరగా నొక్కవద్దు. పిస్టన్ లోపలికి పోతే పైన డబ్బాలో ఆయిలు పెరుగుతుంది. పొంగితే రంగు పాడవుతుంది. అందుకని ముందే డబ్బా చుట్టూ గుడ్డ చుట్టండి. మూత దుమ్ము తుడిచి వదులు చేయండి. ఎక్కువైతే శుభ్రమైన సిరంజితో కొంచెం తీయండి. ఒలికితే వెంటనే నీళ్ళతో కడగండి.

పిస్టన్‌ను ఇలా రెండు మూడుసార్లు కొంచెం బయటికి తీసి లోపలికి నొక్కండి. మెత్తగా కదిలితే పని అయినట్టే. బొటనవేళ్ళతో ఎంత నొక్కినా పోకపోతే సుత్తి పట్టుకోవద్దు. షెడ్డుకు తీసుకెళ్ళండి.

ఎనిమిది. చాలా బండ్లలో క్యాలిపర్ రెండు సన్నని కడ్డీల మీద అటూ ఇటూ జరుగుతుంది. వాటిని తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు రాయవద్దు. వాటి మీది రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి.

తొమ్మిది. ప్యాడ్లు చూడండి. వాటి మీద గాడి ఉంటుంది. అరిగి గాడి కనబడకపోతే, లేదా మందం 2 మిల్లీమీటర్లకు తగ్గితే కొత్తవి వేయాలి. ప్యాడ్లకు, డిస్క్‌కు గ్రీజు గానీ ఆయిలు గానీ అంటకూడదు. అంటితే బ్రేకు జారుతుంది. డిస్క్‌ను సబ్బు నీళ్ళతో కడగండి. ఆయిలు పీల్చిన ప్యాడ్లను మాత్రం మార్చేయాలి.

పది. ప్యాడ్లు, పిన్ను, క్లిప్పు పెట్టి, క్యాలిపర్‌ను డిస్క్ మీదికి ఎక్కించి, బోల్టులు గట్టిగా బిగించండి. మొదటిసారి చేసినప్పుడు ఆ బిగింపును మెకానిక్‌కు చూపించండి. ఆ రెండు బోల్టులు ఊడితే బ్రేకే లేదు. డబ్బా మూత కూడా బిగించండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని

ఇది నా పొరపాటు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

మొదటిసారి వదినా నేనూ అంతా బాగానే చేశాం. చేతులు కడుక్కున్నాం. "చూద్దాం ఉండు వదినా" అని నేను బండెక్కి వీధిలోకి తీశాను. మలుపు దగ్గర బ్రేకు నొక్కాను. లివరు మెత్తగా వచ్చి హ్యాండిల్‌కు ఆనుకుంది. బండి ఆగలేదు! గుండె జారిపోయింది. గబుక్కున కాలి బ్రేకు తొక్కాను. బండి పోయి పక్కింటివాళ్ళ గడ్డివాములో దిగబడింది. గడ్డివాము కాబట్టి సరిపోయింది. అక్కడ పిల్లలు ఆడుకుంటూ ఉంటే?

ఏం జరిగింది? మేము పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నొక్కాం. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య పెద్ద సందు ఏర్పడింది. మొదటి నాలుగైదు నొక్కులు ఆ సందు పూడ్చడానికే సరిపోతాయి. అప్పటిదాకా బ్రేకు ఉండదు.

అందుకని పని అయిపోగానే, బండి ఎక్కకముందే, లివరును మళ్ళీ మళ్ళీ నొక్కండి. గట్టిగా తగిలేదాకా నొక్కండి. తర్వాత డబ్బాలో ఆయిలు చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. బండిని చేత్తో నెడుతూ బ్రేకు నొక్కి చూడండి. ఆగాలి. వదిలితే చక్రం తిరగాలి. అప్పుడే ఎక్కండి. మొదట వాకిట్లోనే మెల్లగా నడిపి చూడండి.

ఎన్నిసార్లు నొక్కినా లివరు మెత్తగానే ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. బండి నడపవద్దు. మెకానిక్‌ను ఇంటికి పిలవండి.

ఇంట్లో చేయకూడని పనులు

పిస్టన్‌ను పూర్తిగా ఊడదీయవద్దు. రబ్బరు రింగులు మార్చవద్దు. గాలి మిషనుతో పిస్టన్‌ను బయటికి తీయాలని అసలు చూడవద్దు. అది తుపాకి గుండులా వచ్చి వేళ్ళు నలగ్గొడుతుంది. 125 సీసీ కంటే పెద్ద కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ అనే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ బండ్లకు చక్రం దగ్గర సన్నని వైరు ఉంటుంది. అది తెగకుండా చూసుకోండి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిలు బ్రేకు వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు లివరు నొక్కినా బండి ఆగదు. అందుకే రెండేళ్ళకోసారి షెడ్డులో ఆయిలు మార్పించాలి. ఎప్పుడో మూత తీసిన సీసాలోది పోయవద్దు. ఈ ఆయిలు విషం. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఎప్పుడెప్పుడు చేయాలి?

వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి చేయండి. ప్యాడ్లు మార్చేటప్పుడు తప్పకుండా చేయాలి. పిస్టన్‌ను శుభ్రం చేయకుండా లోపలికి నొక్కితే మురికి రింగు దగ్గరకు చేరుతుంది. బురదలో తిరిగిన రోజు సాయంత్రం క్యాలిపర్ మీద నాలుగు చెంబుల నీళ్ళు పోస్తే సగం పని తగ్గుతుంది. డిస్క్ చల్లారాకే పోయండి.

ఇప్పుడు మా ఇంట్లో వదిన "బండి బరువెక్కింది" అంటే అన్న నవ్వడు. లేచి వెళ్ళి ముందు చక్రం తిప్పి చూస్తాడు.

గుర్తుంచుకోండి

బండి బరువెక్కితే బ్రేకు చూడండి.
మూత మీది అంకె చదివాకే ఆయిలు కొనండి.
పీచు వద్దు, పెట్రోలు వద్దు. సబ్బు నీళ్ళు చాలు.
లివరు గట్టిపడేదాకా నొక్కాకే బండి ఎక్కండి.

ఆలోచించి చెప్పండి

1. బండి బరువెక్కిందని వదినకే ముందు ఎందుకు తెలిసింది?
2. పిస్టన్‌ను వెనక్కి లాగేది ఏమిటి?
3. ఇంజను ఆయిలు పోస్తే ఏమవుతుంది?
4. గడ్డివాములోకి బండి ఎందుకు వెళ్ళింది?
5. మీ ఇంటి బండి ఆయిలు డబ్బా మూత మీద ఏ అంకె ఉంది? చూసి, పలక మీద రాయండి.